పసుపు దీపం కింద ఎర్రబట్ట

మెటియాబ్రుజ్,
21 జనవరి 2024

తమ్ముడు ఢిల్లీశ్వరరావుకి అప్ప సన్యాసమ్మ దీవించి రాసేది.

ఇక్కడ మేం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాశాను. అది నమ్మక్కర్లేదు, ముందుకి చదువు.

ఫోన్లో మాట్లాడదామంటే మిషన్ల పక్కన కూర్చుని కూర్చుని నా చెవులు ఎప్పుడో పోయాయి. మొన్న నిన్ను చూడ్డానికి జైలుకి ములాకాత్‌కి వస్తే ఇనపజాలీకి అటు నువ్వు, ఇటు నేను, చుట్టూ సంతలోలాగ జనం కేకలు. నువ్వు చెప్పినదాంట్లో నాకు ‘అన్నం’ అన్న మాట ఒక్కటే అందింది. బాగుందన్నావో, లేదన్నావో తెలియక ఇంటికొచ్చి బాధపడ్డాను. అందుకే ఉత్తరం.

అక్కడ అంతా బెంగాలీవాళ్ళే కాబట్టి తెలుగు ఉత్తరాన్ని ముందు తెలుగు వచ్చినవారు చదివి, ఇందులో తప్పుడు సంగతులు లేవని సంతకం పెడితేగాని నీకు ఇవ్వరట. జైలు ఆసుపత్రిలో కాంపౌండరు రఘురాం గారు మనవాళ్ళేనని, ఆయనే చదువుతారని వకీలమ్మ చెప్పింది. రఘురాం గారూ, ముందుగా మీకు నమస్కారం. నావి కోడిగీతలు, కాస్త ఓపిక పట్టండి.

వకీలమ్మ అంటే సాహిత్య, కోర్టువారు మనకి ఊరికే ఇచ్చిన వకీలు. వాళ్ళ నాన్న బ్యాంకు ఆఫీసరుగా బదిలీ మీద ఈ ఊరు వచ్చాడట. తెలుగు పుస్తకంలోలాగ మాట్లాడుతుంది. నీ మీద కేసు ఎలా కట్టారో ఆ పిల్ల కూర్చోబెట్టి చెబితే ఇన్నాళ్ళకి నాకు అర్థమైంది. నవంబరు ఆఖరులో ఆ సాయంత్రం, వీధి దీపాలు వెలిగిన కాసేపటికి, పోర్టు షెడ్డు గేటు బయట కూలీల గ్యాంగు సర్దారు జగన్మోహన్ తల పగిలి పడున్నాడు. టీకొట్టు నాగేశ్వరి అక్కడినుంచి ఒకడు పరిగెత్తడం చూసింది. “మొహం కనబడ్నేదు బాబూ. నల్లబట్టలు, బుజం మీద కండువా, కాళ్ళకి సెప్పుల్లేవు. మాల ఏసిన సామే” అని పోలీసు థానాలో చెప్పింది. గేటు దగ్గర పసుపు దీపం వెలుగుతోంది, చీకటి కాదు, అని కూడా చెప్పింది. మన పోర్టు లైన్లలో ఈ ఏడు నల్లబట్టలు కట్టి అయ్యప్ప మాల వేసినవాడివి నువ్వొక్కడివే. పైగా ఆ మధ్యాహ్నమే నువ్వు జగన్మోహన్‌తో నలుగురిలో గొడవపడ్డావు. నీ మేనల్లుడు ప్రసన్నని పనిలోకి తీసుకోకుండా ఎందుకు తిప్పుతున్నావని అడిగావు, అంతే కదా. ఆ వేళకి నువ్వు గంగలో స్నానం చేస్తున్నావని నేను నమ్ముతాను. గంగ వచ్చి సాక్ష్యం చెప్పదు.

నాగేశ్వరి కొట్టు ముందునుంచే రోజూ నడుస్తాను. దాని మొహం చూడను. మీ బావ పోయినప్పుడు నాకు నోట్లో గంజి పోసిన మనిషి అది. ఇప్పుడు దాన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది.

నీ అప్ప,
సన్యాసమ్మ


జైలు,
4 ఫిబ్రవరి 2024

అప్పకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. రఘురాం గారు ఇస్తూ, “మీ అక్కగారు నాకు కూడా నమస్కారం పెట్టారండీ” అని నవ్వారు. ఇక్కడ నవ్వేవాళ్ళు తక్కువ, అందుకని రాస్తున్నాను. అన్నం గురించి నేను అడిగింది నువ్వు తింటున్నావా అని.

నేను బాగానే ఉన్నాను. ఒక్కటే ఇబ్బంది, ఇక్కడ దీపం ఆర్పరు. సాయంత్రం లోపల వేసి తాళం పెట్టినప్పటినుంచి తెల్లారేదాకా నెత్తిమీద తెల్ల ట్యూబులు వెలుగుతూనే ఉంటాయి. ఎవరు ఏం చేస్తున్నారో సిపాయికి కనబడాలి కదా. మొదట్లో కళ్ళు మూసుకున్నా రెప్పల లోపల తెల్లగానే ఉండేది. ఇప్పుడు కునుకు పడుతుంది, కానీ లేచాక పడుకున్నట్టు ఉండదు. పగలు తూగుతాను. ఏది నిన్నో ఏది మొన్నో కలిసిపోతోంది. నా పక్క చాప మీద రిక్షా లాగే ముసలాయన ఉన్నాడు, “ఆలో నిభియే దావ్” అని గోడకి తల ఆనించి గొణుగుతూ ఉంటాడు. దీపం ఆర్పెయ్యండి బాబూ అని. స్విచ్చి తాళానికి అవతల ఉంది.

ఆ వెలుతురులో మనుషుల ఒంట్లో నెత్తురు ఉన్నట్టే కనబడదు అప్పా. అందరి పెదాలూ బూడిదరంగు. పప్పు తడిసిన సిమెంటులా ఉంటుంది, వాసన చూసి పప్పే అనుకుని తింటాను. పొద్దున్న ఆవరణలోకి వదిలినప్పుడు ముందు ఎండలో చేతులు చాపి చూసుకుంటాను. వాటి రంగు వాటికి ఉంటే కొంచెం స్థిమితపడతాను. దళసరి గుడ్డముక్క ఏదైనా పంపు, కళ్ళమీద కట్టుకుంటాను.

మాల లోపలికి వచ్చిన రోజే తీయించేశారు. నల్లబట్టలు కేసు సామాన్లలో కట్టి పెట్టారు.

నాగేశ్వరిని ఏమీ అనకు. చూసింది చెప్పింది. ఆవిడకి మనమీద పగేముంది?

ప్రసన్న తింటున్నాడా? వాణ్ణి పని పని అని తొందరపెట్టకు. ఒంటరిగా ఎక్కువసేపు వదలకు.

తమ్ముడు,
ఢిల్లీశ్వరరావు


మెటియాబ్రుజ్,
18 ఫిబ్రవరి 2024

తమ్ముడికి అప్ప రాసేది.

చెడ్డ సంగతి ముందు చెప్పేస్తాను. జగన్మోహన్ ఆసుపత్రిలోనే పోయాడు. ఇన్నాళ్ళూ కళ్ళు తెరవలేదు, తెరవకుండానే పోయాడు. తెరిస్తే నిజం చెబుతాడని రోజూ దండం పెట్టుకున్నాను. ఇక నీది హత్యకేసట. వకీలమ్మ ఆ మాట మెల్లగానే చెప్పింది. నాకు వినబడక మళ్ళీ అడిగాను. పాపం, ఆ పిల్ల ఆ మాటని మళ్ళీ గట్టిగా అరవాల్సి వచ్చింది.

ఇంక అసలు సంగతి విను. కూర్చుని చదువు.

మా కుట్టు కార్ఖానాని ఓస్తాగర్ కింది గోదాములోకి దించాడని చెప్పానా? మనం మేస్త్రీ అంటాం, వీళ్ళు ఓస్తాగర్ అంటారు. కిటికీ అన్నది లేదు. కప్పునిండా తెల్లదీపాలు. పొద్దున్న దిగితే పొద్దుగూకాక పైకి వస్తాం, మధ్యలో ఎండ మొహం చూడం. నీ బాధ నాకు తెలుసురా, నాకూ అదే. పక్కపక్కన కూర్చుని పాతికేళ్ళుగా నవ్వుకుంటూ కుట్టిన ఆడాళ్ళం, ఇప్పుడు సూది అడిగితే కసురుకుంటున్నాం. ఆ వెలుతురులో సరిపోయిందని దారం వేసి లంగాల లాటు పంపితే మొత్తం తిరిగొచ్చింది. పైకి తెచ్చి ఎండలో చూస్తే బట్ట ఎరుపు, దారం వంకాయ రంగు. కింద దీపాల్లో చూస్తే మళ్ళీ రెండూ ఒకటే. అప్పట్నుంచి ఏ రీలు ఎక్కించాలన్నా ముందు పైకెక్కి వీధిలో చూసుకోమన్నాడు ఓస్తాగర్.

మొన్న అలా చూడటానికి తెచ్చిన ఎర్రదారం రీలు సంచిలో ఉండిపోయింది. ఇంటికి వస్తూ షెడ్డు గేటు దగ్గర తాళంచెవి కోసం సంచి వెతుకుతుంటే చేతికి తగిలింది. తీసి చూద్దును కదా, నల్లదారం. ఇదేటి, ఎర్రది వదిలేసి నల్లది తెచ్చుకున్నానా అని నన్ను నేనే తిట్టుకుంటూ నాలుగడుగులు వేశాను. మందులషాపు తెల్లదీపం ముందుకి వచ్చేసరికి అదే రీలు ఎర్రగా ఉంది. వెనక్కి వెళ్ళాను. పసుపు దీపం కింద నల్లగా ఉంది. మళ్ళీ ముందుకి. ఎరుపు. జనం చూస్తున్నారని కూడా లేదు, పిచ్చిదానిలాగ అటూ ఇటూ నడిచాను.

అర్థమైందా? ఆ రోజు నాగేశ్వరి చూసిన బట్టలు నలుపు కాకపోవచ్చు. ఎరుపేమో. ఆ పాడు దీపం ఎరుపుని మింగేసి నలుపు చూపించింది. నువ్వు బయటికి వచ్చేస్తావు తమ్ముడూ. నాకు అన్నం సహించింది ఈ పూట.

గుడ్డముక్క పంపుతున్నాను. ప్రసన్న సరిగ్గా తినడం లేదు. నీమీద బెంగ పెట్టుకున్నాడు. ఈ సంగతి చెబుదామంటే పడుకున్నాడు, రేపు చెబుతాను.

నీ అప్ప,
సన్యాసమ్మ


మెటియాబ్రుజ్,
3 మార్చి 2024

తమ్ముడికి దీవెనలు.

నీనుంచి ఉత్తరం లేదు. రఘురాం గారూ, మీకు ఒంట్లో బాగుందా?

నాగేశ్వరితో మాట్లాడాను. తిడదామనే వెళ్ళాను, చూడగానే ఇద్దరం ఏడ్చాం. “నానేటి సెయ్యనప్పా, సూసిందే సెప్పినాను. సెప్పకపోతే నానూ దొంగనే కదా” అంది. నిజమే. అప్పుడు దాన్ని కొట్లోనే నిలబెట్టి, నేను గేటు దగ్గరికి వెళ్ళి కార్ఖానా ఎర్రబట్ట ఒకటి భుజంమీద వేసుకుని నడిచాను. వెనక్కి వచ్చి ఏం రంగు అన్నాను. “నలుపు. నలుపు కాక ఏటది?” అంది. తెల్లదీపం కింద విప్పి చూపిస్తే గ్లాసు కింద పెట్టేసి బట్టని అటూ ఇటూ తిప్పి చూసింది.

వకీలమ్మ కోర్టులో అర్జీ పెట్టింది. ఆ దీపం కిందే పోలీసులు బట్టలు పెట్టి చూడాలని. ఆ అమ్మాయి మొహంలో మొదటిసారి ఆశ చూశాను. “నాగేశ్వరిగారు మాల వేసిన స్వామి అంటున్నారు. ఎర్రబట్టలతో మాల ఎవరు వేస్తారండీ?” అని అడిగింది. అమ్మవారి భవానీ మాల అని చెప్పాను. టికియాపారా రైల్వే క్వార్టర్లలో మనవాళ్ళు గుంపుగా వేస్తారు, వాళ్ళలో ఎవడో ఇటు వచ్చి ఉంటాడన్నాను. మా అబ్బాయి కూడా ఈసారి వేశాడమ్మా, ఆ సాయంత్రం వాడు అక్కడే భజనలో ఉన్నాడు, వాణ్ణి అడిగితే ఎవరెవరు వచ్చారో చెబుతాడు అన్నాను. ఆ పిల్ల ఏదో రాసుకుని, మళ్ళీ కొట్టేసింది.

ఇంకో గండం. వీధిలో పాత దీపాలన్నీ తీసేసి తెల్లవి పెడుతున్నారు. నిచ్చెన బండి మందులషాపు దాకా వచ్చేసింది. నేను పని మానేసి స్తంభం దగ్గర నిలబడ్డాను. “దాదా, ఈ ఒక్క దీపం వదిలెయ్. మా తమ్ముడి ప్రాణం దీంట్లో ఉంది” అని బండివాడి చేతులు పట్టుకున్నాను. వకీలమ్మ ఫోన్లో వాళ్ళ సారుతో ఏదో మాట్లాడింది. వదిలేశారు. ఇప్పుడు వీధంతా తెల్లగా ఉంది, మన గేటు దగ్గర ఒక్కటే పసుపుగా ఉంది. సాయంత్రం పూట దాన్ని చూసి దండం పెట్టుకుంటున్నాను.

ప్రసన్నకి ఇదంతా చెబితే సంతోషిస్తాడనుకున్నాను. లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నీ అప్ప,
సన్యాసమ్మ


జైలు,
6 మార్చి 2024

అప్పకి.

నీ ఫిబ్రవరి ఉత్తరం ఇవాళ అందింది. గుడ్డ అందింది.

ఆ దీపం గొడవ వదిలెయ్. నాకోసం కోర్టుల చుట్టూ తిరగొద్దు. నాకిక్కడ అలవాటైపోయింది. ఒక్కడినే మనిషిని, ఎక్కడున్నా ఒకటే. నువ్వు పనికి వెళ్ళు, వాణ్ణి చూసుకో. నా మాట విను.

ఢిల్లీశ్వరరావు


మెటియాబ్రుజ్,
17 మార్చి 2024

ఏరా,

దీవెనలు తరువాత. ఇది రాసింది నువ్వేనా? రఘురాం గారూ, మా తమ్ముడికి ఏమైనా మందు ఇవ్వండి, నిద్రలేక వీడి బుర్ర తిరిగిపోయింది.

అలవాటైపోయిందట. ఎవరికి? అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని ఈ లైన్లలో పెంచాను. మీ బావ పోయాక నువ్వు పెళ్ళి మాటెత్తకుండా నా కొడుకుని పెంచావు. ఇప్పుడు నిన్ను అక్కడ వదిలేసి నేను కాజాలు కుట్టుకుంటూ కూర్చోవాలా? నాకు తెలుసు, ఆ తెల్లదీపం కింద మనిషికి ఆశ చచ్చిపోతుంది. మా గోదాములో పగలంతా కూర్చుంటేనే నాకు బతుకు మీద విసుగు పుడుతోంది. నువ్వు రాత్రీ పగలూ అందులోనే ఉన్నావు. అందుకని నీ మాట నేను వినను. బయటికి వచ్చి, రెండు రోజులు చీకట్లో పడుకుని, అప్పుడు చెప్పు వింటాను.

కోర్టు ఒప్పుకుంది. ఇరవై ఎనిమిదిన సాయంత్రం పోలీసులు వచ్చి దీపం కింద చూస్తారు. ఇంకేం అడ్డుపడదు.

నీ అప్ప


జైలు,
19 మార్చి 2024

అప్పా,

నీ మార్చి మొదటి ఉత్తరం ఇప్పుడే చదివాను. రఘురాం గారు సెలవులో వెళుతున్నారట, ఇది ఎప్పుడు అందుతుందో. ఎలాగైనా తొందరగా పంపమని కాళ్ళు పట్టుకుంటాను.

నా బుర్ర బాగానే ఉంది. ఎర్రబట్టల మాట కోర్టులో ఎత్తొద్దు. వకీలమ్మతో ఆ అర్జీ వెనక్కి తీసుకోమను. ఆ దీపం తీసేసేవాళ్ళని తీసెయ్యనీ. మన ఇంట్లో పెట్టెలో ఉన్నవేవీ బయటికి తియ్యొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. ఎందుకని అడగొద్దు. ఇంతకంటే నేను రాయకూడదు, ఇది నీకంటే ముందు ఇంకొకరు చదువుతారు.

నేను బతికున్నంతకాలం నువ్వు నా మాట ఒక్కటి విన్నావంటే ఇదే అవ్వాలి.

తమ్ముడు


మెటియాబ్రుజ్,
31 మార్చి 2024

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మూడు రోజుల ముందు వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

జరిగింది రాస్తాను. రాయకపోతే గుండె పగిలిపోయేలా ఉంది.

ఇరవై ఎనిమిదిన థానా పెద్ద బడోబాబు వచ్చాడు, వకీలమ్మ వచ్చింది, కోర్టు నుంచి ఒకాయన వచ్చాడు. లైన్లలో జనమంతా చేరారు. నేను కార్ఖానా ఎర్రబట్ట పట్టుకుని నిలబడ్డాను. బడోబాబు దాన్ని చూసి, మామూలు బట్ట కాదు, మాలలో కట్టే లుంగీ, చొక్కా, కండువా కావాలి, ఎవరింట్లో ఉన్నాయి అన్నాడు. వకీలమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో అప్పుడు తెలియలేదు. బయలుదేరిన పని ఎక్కడ ఆగిపోతుందోనని నాకు కంగారు. “మా ఇంట్లో ఉన్నాయి బాబూ” అన్నాను. నేనే పరిగెత్తాను. నేనే పెట్టె తెరిచాను. ప్రసన్న మాల తీశాక ఉతికి, మడతపెట్టి, మధ్యలో కర్పూరం వేసి దాచినవి నా చేతులతో తీసుకొచ్చి బడోబాబు చేతికిచ్చాను.

ఒక సిపాయి వాటిని కట్టుకుని గేటు దగ్గర నడిచాడు. పసుపు దీపం కింద అతను నిలువునా నల్లగా ఉన్నాడు. జనం గుసగుసలాడారు. కోర్టాయన రాసుకున్నాడు. నాకైతే ఏడుపు, నవ్వు కలిసి వచ్చేశాయి. నా తమ్ముడు బయటపడ్డాడని నాగేశ్వరిని కావలించుకున్నాను. అది కర్రలా నిలబడి ఉంది. “అప్పా, ఆ నడక సూడు. ఆ పొడుగు లుంగీ, ఆ కండువా. ఆ రోజు అవే” అంది. తన నోరు తనే మూసేసుకుంది.

బడోబాబు ఆ బట్టలు తెల్లదీపం కిందకి తెప్పించాడు. చొక్కా మెడ దగ్గర చిరుగు ఉంది. ఎక్కడో తగులుకుని చిరిగిందనుకున్నాను. నేను ఉతికేటప్పుడు చూశాను, కుట్టుపనిదాన్ని కదా, అదే రంగు దారంతో రఫూ కూడా చేశాను. “ఎవరివి ఇవి?” అన్నాడు. నాకు అప్పటికీ వెలగలేదు. “మా అబ్బాయివి బాబూ” అన్నాను. అంటుండగానే నాకు వెలిగింది.

ఇంటికి వెళ్ళి వాణ్ణి అడిగాను. ఆ సాయంత్రం టికియాపారాలో భజనే లేదట. “నేను కొట్టలేదమ్మా. పని అడగడానికి సర్దారు దగ్గరికి వెళ్ళాను. మామా మేనల్లుడూ మాలలేసుకుని నామీదకే వస్తారా, వెళ్ళి మీ దేవుణ్ణే అడుక్కోండి అన్నాడు. మాల పట్టుకుని లాగాడు. తెగిపోయింది. తోశాను. వెళ్ళి గట్టు రాయి మీద పడ్డాడు” అన్నాడు. మరి మావయ్యని పట్టుకుపోతే నోరెందుకు మెదపలేదురా అన్నాను. “మావయ్య చెయ్యలేదు కదా, వదిలేస్తారనుకున్నాను. రోజూ రేపు వదిలేస్తారు అనుకున్నాను” అన్నాడు. వాడికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. వాణ్ణి కొట్టాను. కొట్టి మళ్ళీ నేనే పట్టుకున్నాను. తెల్లవారి వచ్చి తీసుకుపోయారు.

నీకు ముందే తెలుసా? తెలిసి నాలుగు నెలలు ఆ దీపం కింద పడుకున్నావా? నాకు నీమీద కోపం రావాలో, నీ కాళ్ళమీద పడాలో తోచడం లేదు. వకీలమ్మ నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ పిల్లని నేనే ఓదార్చాను.

దీపం పని అయిపోయింది కదా, నిన్న వచ్చి తెల్లది పెట్టేశారు.

సన్యాసమ్మ


జైలు,
5 ఏప్రిల్ 2024

అప్పకి నమస్కారాలు.

నీ ఉత్తరం రఘురాం గారు చదవకుండానే సంతకం పెట్టి ఇచ్చారు. ఊళ్ళో అందరికీ తెలిసిపోయిందట, ఇంక చదివేదేముంది అన్నారు.

నాకు అంతా తెలుసని కాదు. ఆ సాయంత్రం స్నానం చేసి వస్తుంటే కుళాయి దగ్గర ప్రసన్న కనబడ్డాడు. మెడలో మాల లేదు. బస్సులో తెగిపోయింది మావయ్యా అన్నాడు. రేపు గురుస్వామితో మళ్ళీ వేయిస్తానులే అన్నాను. అర్ధగంటలో పోలీసులు వచ్చి నల్లబట్టలవాడు అన్నారు. వీడివి ఎర్రబట్టలు కదా, వీడు కాదు అని నేనూ ధైర్యం తెచ్చుకున్నాను. వీడు కాకపోతే చాలు, నా సంగతి చూసుకుందాం అనుకున్నాను. నీ రీలు సంగతి చదివిన రోజు వాడేనని తెలిసింది, అందుకే ఆ దీపం గొడవ వదిలెయ్యమని రాశాను.

వాణ్ణి ఇక్కడికే తెచ్చారు. పెద్దవాళ్ళని బతిమాలి నా పక్క చాప ఇప్పించాను. రాత్రంతా కళ్ళు తెరుచుకుని ట్యూబు వైపు చూస్తూ ఉంటాడు. మాట్లాడడు. పెదాలు అందరిలాగే బూడిదరంగు. పొద్దున్న ఎండలోకి తీసుకెళ్ళి నిలబెట్టాను, అప్పుడు కొంచెం మొహంలోకి రంగు వచ్చింది.

నేనే చేశానని జడ్జిగారికి చెబుతానని వకీలమ్మకి కబురు పంపాను. కుదరదంది. బట్టలు, దీపం, నాగేశ్వరి, నువ్వు, అన్నీ కాగితం మీదకి ఎక్కిపోయాయట. నన్ను వదిలే ఆర్డరు కూడా అయిందట. కాగితాలు రావడానికి ఇంకో వారం పడుతుంది. బయటికి వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది అప్పా. వీణ్ణి ఈ వెలుతురులో వదిలేసి ఎలా వస్తాను?

తమ్ముడు,
ఢిల్లీశ్వరరావు


మెటియాబ్రుజ్,
8 ఏప్రిల్ 2024

తమ్ముడికి అప్ప రాసేది.

నువ్వు వస్తావు. వండిపెడతాను. నీ మొహం చూడలేనేమో, చూడకపోయినా ఏమీ అనుకోకు.

జడ్జిగారు తోపులాట అని నమ్మితే శిక్ష తగ్గుతుందని వకీలమ్మ అంటోంది. ఎప్పటికి నమ్ముతారో చెప్పదు. అడిగితే నా చేతులు పట్టుకుంటుంది.

నీకొక పని చెప్పాలి. ప్రసన్నకి తెలుగు చదవడం రాదు. బెంగాలీ బడిలో వేశాను, మాట్లాడుతున్నాడు కదా, రాత ఎందుకులే అనుకున్నాను. నాకేమో తెలుగు తప్ప ఇంకేదీ రాయడం రాదు. చెవులు ఉంటే ఫోనులోనైనా వాడి గొంతు వినేదాన్ని. బెంగాలీలో నేను రాసిపెడతానండీ అంది వకీలమ్మ. వద్దన్నాను. నీ కాగితాలు వచ్చేలోగా వాడి పక్కన కూర్చుని ఇక్కడినుంచి చదివి వినిపించు. ఆ తరువాత వాడికి చదివిపెట్టేవాళ్ళు ఉండరు. రఘురాం గారిని ఎంతకని అడుగుతాం?

నాయనా ప్రసన్నా, అమ్మని.

ఆ బట్టలు నేనే ఇచ్చానని నీకు తెలుసు. తెలియక ఇచ్చాను. తెలిసి ఉంటే ఇచ్చేదాన్నా అని రోజూ నన్ను నేను అడుగుతున్నాను. ఇవ్వననుకుంటే మావయ్య కనబడతాడు. ఇస్తాననుకుంటే నువ్వు కనబడతావు. జవాబు దొరకడం లేదు, దొరికిందని నీతో అబద్ధం చెప్పను. నీమీద కోపం ఉంది. నువ్వు మావయ్యని అలా వదిలేసినందుకు ఉంది. అయినా పొద్దున్న లేవగానే నీకే గిన్నెలో అన్నం తీస్తున్నాను. తీశాక గుర్తొస్తోంది. ముందు తిను. నిద్ర రాకపోయినా కళ్ళు మూసుకో. నీ కేసు అయ్యేదాకా నేను చావను, ఆ ఒక్కటి నమ్ము.

తమ్ముడూ, ఇక్కడ ఆపు. కాగితం పక్కనపెట్టి వాడి మొహం చూడు. వాడు ఏమన్నాడో నాకు రాయి. ఏమీ అనకపోతే, అనలేదనే రాయి.

నీకు అప్ప, వాడికి అమ్మ,
సన్యాసమ్మ